తెల్ల కణాల తరఫున నా వాదన

క్యాన్సర్ మందుల వల్ల చిన్నమ్మ రక్తంలో తెల్ల కణాలు బాగా తగ్గిపోయాయని తెలిసి ఈ సాయంత్రం నవాగామ్‌లోని వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్త, మా కాక, బీట్‌రూట్ రసం గ్లాసుతో ఆమె మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

“గిది తాగితే రక్తం పడుతది బిడ్డా, నీకెర్క లేదు,” అన్నాడు నాతో.

కళాశాల డిబేట్‌లో ప్రత్యర్థి మీద పడినట్టే ఆయన మీద పడ్డాను. ఎర్రటి రసంతో తెల్ల కణాలు పెరగవని, రోగక్రిములతో పోరాడేవి ఆ కణాలేనని, అవి తగ్గిన మనిషికి మామూలు జలుబు కూడా ప్రాణాల మీదికి తేవచ్చని ఆమె పక్కనే కూర్చుని అనర్గళంగా వివరించాను. కాక గ్లాసు పక్కన పెట్టేశాడు. గెలిచాననుకున్న క్షణంలో గట్టిగా తుమ్మాను. ఆ మామూలు జలుబు పొద్దుటి నుంచి నాకే ఉంది.

కాక ఆమె ముఖానికి కొంగు అడ్డుపెట్టి, లోపలి గదిలోకి నడిపించి తలుపు వేశాడు.

“చెప్పు బిడ్డా, జర గట్టిగ చెప్పు, ఈడికి ఇనొస్తది,” అంది చిన్నమ్మ తలుపు వెనుక నుంచి.

ముక్కు తుడుచుకుని బయటికి నడిచాను. ఆమెకు జ్వరం రాలేదని రేపు కాక ఫోన్ చేసేదాకా నిద్ర పట్టదు. వాదనలో గెలిచి ఇంతగా సిగ్గుపడినవారు మీలో ఎవరైనా ఉంటే రాయండి, ఈ రాత్రికి నాకు తోడు కావాలి.