లిస్టులో లేని క్యాచర్

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో బేస్‌మెంట్ గది చూడ్డానికి వెళ్ళినప్పుడు, తలుపు తీసిన ఓనర్ అంకుల్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఎంసెట్‌లో ఎంత ర్యాంకమ్మా?"

నా వెనక డ్రైవ్‌వేలో ఇంకో ఐదుగురు నిలబడి ఉన్నారు. అందరూ నాలాగే ఆ నెలలో దిగిన స్టూడెంట్లే. ఎక్కడైనా గది ఖాళీ ఉందని వాట్సాప్ గ్రూపులో పడితే చాలు, గంటలో క్యూ కట్టేవాళ్ళం. అప్పటికి పదకొండు రోజులుగా ఒక సీనియర్ అక్క హాల్లో కార్పెట్ మీద పడుకుంటున్నాను. ఇంకొక్క రోజు ఉంటే ఆ అక్క మొహం చూడలేనని తెలుసు. "ఆరు వేల రెండొందలు అంకుల్" అన్నాను. నా అసలు ర్యాంకు లక్షా ఇరవై మూడు వేల చిల్లర. గది నాకే ఇచ్చారు.

అబద్ధమాడినందుకు అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. బీటెక్ పూర్తి చేసి, సముద్రాలు దాటి వచ్చిన ఇరవై మూడేళ్ళ మనిషిని ఎప్పుడో పద్దెనిమిదేళ్ళప్పుడు రాసిన ఒక్క పరీక్షతో కొలుస్తారా? కానీ నా గది ఆ అంకె మీదే నిలబడి ఉంది. అది కాస్తా బయటపడితే మళ్ళీ కార్పెట్టే గతి.

అంకుల్‌ది గుంటూరు. డాలస్‌లో పదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, గ్రీన్‌కార్డు లైను ఎంతకీ కదలక ఇటు వచ్చేశారు. ఆయన ర్యాంకు మూడు వందల పదకొండు. ఈ సంగతి నాకే కాదు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ బాగుచేయడానికి వచ్చిన పంజాబీ ఆయనకి కూడా చెప్పారు. మనిషి మంచివారే. నాకు జ్వరం వస్తే కారులో క్లినిక్‌కి తీసుకెళ్ళి, రెండు గంటలు నాతోపాటు కూర్చున్నారు. ర్యాంకు దగ్గరికొచ్చేసరికే తిక్క. డాలస్ నుంచి వెంట తెచ్చుకున్న ఇంకో పిచ్చి బేస్‌బాల్.

వాషింగ్ మెషీన్ పైన, వాళ్ళ టీవీ గది పక్కన ఉండేది. శనివారాలు బట్టలు వేసి, అవి అయ్యేదాకా అక్కడే నిలబడి టీవీ చూసేదాన్ని. అంకుల్ చూసేది టొరంటో పెద్ద జట్టు ఆట కాదు, ఆ జట్టు కింద ఆడే కుర్రాళ్ళ ఆటలు. "పెద్ద జట్టు ఆట ఎవరైనా చూస్తారమ్మా. రేపు పైకొచ్చేవాణ్ణి ఇవాళే గుర్తుపట్టాలి, అదీ మజా" అనేవారు.

ఒక శనివారం నన్ను కూర్చోబెట్టి మొత్తం చెప్పారు. అన్నిటికన్నా కింద రూకీ జట్లు. వాటిమీద సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. బాగా ఆడితే పై జట్టుకి పంపిస్తారు, ఆడకపోతే కింది జట్టుకి. అప్పటికీ ఆడకపోతే ఇంటికి. వీళ్ళందరిలో పెద్ద జట్టుదాకా వెళ్ళే సత్తా ఉన్న ముప్పై మందికి ర్యాంకులిచ్చి ఒక లిస్టు వేస్తారు, ప్రాస్పెక్టులని. అంకుల్ ఆ లిస్టు ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించుకున్నారు. కొత్త లిస్టు వచ్చినప్పుడల్లా పాతది తీసేసేవారు.

ఆయన ఇంకా ఏదో వివరించబోతుంటే నేనే ఆపాను. ఆ ఆట నాకు తెలుసు. ఇంటర్‌లో రెండేళ్ళు ఆడాను.

మాది రెసిడెన్షియల్ కాలేజీ. ఆదివారం పరీక్ష, మంగళవారం పొద్దున నోటీసు బోర్డు మీద లిస్టు. ర్యాంకును బట్టి సెక్షన్, సెక్షన్‌ను బట్టి హాస్టల్లో అంతస్తు. మొదటి సెక్షన్ వాళ్ళు మూడో అంతస్తులో, చివరి సెక్షన్ వాళ్ళు కింద, వంటశాల పక్కన. మార్కులు తగ్గిన వారం పరుపు చుట్టుకుని, ట్రంకు పెట్టె ఈడ్చుకుంటూ అందరూ చూస్తుండగా మెట్లు దిగాలి. నేను మూడో అంతస్తు నుంచి కిందిదాకా ఒక్క ఏడాదిలో దిగాను. ఖమ్మంలో మా అమ్మకి మాత్రం, కింద అయితే చల్లగా ఉంటుందని నేనే అడిగి మారానని చెప్పాను. అప్పుడు గ్రౌండ్ ఫ్లోరు, కెనడా వచ్చాక బేస్‌మెంటు. ఇంక దిగడానికి మెట్లు లేవు.

ఏప్రిల్‌లో సీజన్ మొదలైంది. డబుల్ ఏ జట్టు ఆట నడుస్తోంది. అంకుల్ ఎదురుచూస్తున్నది లిస్టులో మొదటి ర్యాంకు పిచ్చర్ కోసం. బంతి చాలా వేగంగా వేస్తాడు కానీ ఎటు పోతుందో వాడికే తెలియదు. నా చూపు మాత్రం వాడి బంతులు పట్టే క్యాచర్ మీద పడింది. వరసగా మూడు బంతులు నేలకి కొట్టుకుని అడ్డదిడ్డంగా లేచాయి. మూడుసార్లూ అతను మోకాళ్ళ మీద పడి, ఛాతీతో ఆపి, దుమ్ము దులుపుకుని బంతి తిరిగి ఇచ్చాడు. పిచ్చర్ వైపు ఒక్కసారి కూడా కోపంగా చూడలేదు.

"ఇతనిది ఎన్నో ర్యాంకు అంకుల్?"

"వాడు లిస్టులో లేడమ్మా. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చాడు, ఇరవై ఏడేళ్ళు. వాణ్ణి ఫిల్లర్ అంటారు. మంచి పిచ్చర్ల బంతులు పట్టడానికి ఎవడో ఒకడు కావాలిగా? ఈ సీజన్లో ట్రిపుల్ ఏకి పోకపోతే పంపించేస్తారు."

ఫిల్లర్. ఒళ్ళు మండిపోయింది. కింది సెక్షన్లో మా ఫిజిక్స్ సార్ ఒకసారి నవ్వుతూ అన్నాడు, మీరు కట్టే ఫీజులతోనే పై సెక్షన్ నడుస్తోందని. ఇక్కడ కాలేజీలో ఒక్కో క్లాసులో ఎనభై మంది ఇండియన్ స్టూడెంట్లం కూర్చున్నప్పుడు ఆ మాట చాలాసార్లు గుర్తొచ్చింది.

"అయితే ఈ సీజనంతా నేను ఇతన్నే ఫాలో అవుతా" అన్నాను.

అంకుల్ పగలబడి నవ్వారు. "ఆరు వేల ర్యాంకు తెచ్చుకున్నదానివి, సెలెక్షన్ ఇదా?"

ఆ రోజు నుంచీ పట్టుకున్నాను. కాలేజీకి వెళ్ళే బస్సులో, పార్ట్‌టైం పనికి వేర్‌హౌస్‌కి వెళ్ళే బస్సులో ఫోన్‌లో రేడియో కామెంటరీ వినేదాన్ని. మొదటి వారాల్లో సగం అర్థమయ్యేది కాదు. మెల్లగా ఒకటి తెలిసింది. క్యాచర్ బంతి వదిలేస్తేనే అతని పేరు చెప్తారు. పట్టినంతసేపూ పిచ్చర్ పేరే. అతని పేరు వినపడకుండా ఆట ముగిసిందంటే బాగా ఆడినట్టే. లేబుల్ చూసి పెట్టెలు సర్దే నా పని కూడా అలాంటిదే, తప్పు పెట్టె వెళ్ళిన రోజే సూపర్‌వైజర్‌కి నా పేరు గుర్తొచ్చేది.

బ్యాటింగ్ మాత్రం అతనికి అంతంత మాత్రమే. నేను దాచను. మే నెలలో ఆడిన ప్రతిరోజూ ఉత్త చేతులతో వెనక్కి వచ్చేవాడు. అంకుల్ శనివారాలు నన్ను చూడగానే "ఏమంటున్నాడమ్మా నీ వాడు?" అని ఏడిపించేవారు. జూన్‌లో అంకుల్ పిచ్చర్‌కి మోచెయ్యి పోయింది. ఆపరేషన్ చేసి, ఇంక ఈ ఏడాది ఆడడన్నారు. పాపం, ఆయన ఆ రోజు భోజనం కూడా సరిగా చెయ్యలేదని ఆంటీ చెప్పారు. తర్వాత వచ్చిన లిస్టులో చూస్తే ఆ పిచ్చర్ రెండో ర్యాంకులో ఉన్నాడు.

"మంచం మీద ఉన్నవాడికి రెండో ర్యాంకా? రోజూ మోకాళ్ళ మీద కూర్చునేవాడికి ముప్పైలో చోటు లేదా?" అన్నాను.

"టాలెంట్ వేరు, కష్టం వేరమ్మా" అన్నారు అంకుల్.

బేస్‌మెంట్‌లో వేడిగాలి వచ్చే గొట్టం పక్కనే నా మంచం. పైన మాట్లాడేవన్నీ అందులోంచి కిందికి దిగేవి. ఒక ఆదివారం మధ్యాహ్నం అంకుల్ ఫ్రెండ్స్ వచ్చారు. బిర్యానీ తింటూ మా గురించే మాట్లాడుకుంటున్నారు. బస్సుల్లో చోటు లేదంట, ఇళ్ళు దొరకడం లేదంట, అంతా స్టూడెంట్ల వల్లేనంట. "మన టైంలో ఫిల్టర్ ఉండేదండీ. ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు వచ్చేస్తున్నారు" అన్నాడొకాయన. అప్పుడు అంకుల్ గొంతు వినిపించింది: "అందర్నీ ఒకే గాటన కట్టకండి. మా కింద అమ్మాయిది ఆరు వేల ర్యాంకు."

ఆయన నా తరఫునే మాట్లాడారు. అయినా గుండెల్లో ముల్లు దిగినట్టయింది. ఆయన వెనకేసుకొచ్చింది నన్ను కాదు, లేని ఇంకో అమ్మాయిని. ఆ ఎవరు పడితే వాళ్ళు అన్నది నన్నే.

జూలైలో ట్రిపుల్ ఏ జట్టులో ఇద్దరు క్యాచర్లకి ఒకేసారి దెబ్బలు తగిలాయి. నా మనిషిని పైకి పిలిచారు. ఆ జట్టు ఉండేది బఫెలోలో. మా ఇంటి నుంచి కారులో రెండు గంటలు పట్టదు. కానీ మధ్యలో బోర్డర్ ఉంది, నా దగ్గర అమెరికా వీసా లేదు. అంకుల్ ఆదివారం ఫ్రెండ్స్‌తో కలిసి వెళ్ళారు. నేను వేర్‌హౌస్ బ్రేక్ రూమ్‌లో పెరుగన్నం డబ్బా మూత తీస్తుండగా వీడియో కాల్ వచ్చింది.

"అమ్మాయ్, నీ వాడు బ్యాటింగ్‌కి దిగుతున్నాడు, చూడు చూడు!"

ఫోన్‌లో చీమంత కనిపించాడు. రెండు బంతులు వదిలేశాడు, ఒకటి కొట్టబోతే తగల్లేదు. నాలుగోది నేరుగా వచ్చి భుజానికి తగిలింది. బంతి ఒంటికి తగిలితే, కొట్టకపోయినా పరుగు దారిలో మొదటి మజిలీ అయిన ఫస్ట్ బేస్ ఇచ్చేస్తారని అప్పటికి నాకు తెలుసు. బ్యాటు మెల్లగా కింద పెట్టి, భుజం కూడా రుద్దుకోకుండా వెళ్ళి బేస్ మీద నిలబడ్డాడు. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. బ్రేక్ రూమ్ అంతా నన్నే చూసింది.

"ఇది లెక్కలోకి రాదమ్మా, హిట్ కాదుగా" అన్నారు అంకుల్.

"బేస్ మీద నిలబడ్డాడా లేదా అంకుల్?"

"నిలబడ్డాడనుకో..."

"అంతే."

తొమ్మిది రోజుల తర్వాత దెబ్బలు తగిలినవాళ్ళలో ఒకడు కోలుకున్నాడు. నా మనిషిని మళ్ళీ డబుల్ ఏకి పంపేశారు. పరుపు చుట్టుకుని మెట్లు దిగి ఉంటాడు. ఆగస్టు చివర్లో ఒక పొద్దున ఫోన్ తీస్తే, జట్టు మార్పుల పేజీలో అతని పేరు పక్కన ఒక్క మాట ఉంది, రిలీజ్డ్ అని. పంపించేశారన్నమాట. ఆరేళ్ళు ఆ జట్టు పిచ్చర్ల బంతులన్నీ ఒంటి మీద ఆపుకున్నవాడికి ఒక్క మాట. ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఆ కోపంతోనే బట్టల బుట్ట పట్టుకుని పైకి వెళ్ళాను.

వీధి తలుపు తీసి ఉంది. మా బేస్‌మెంట్‌లో రెండో గది అమ్మాయికి విండ్సర్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోవడంతో, ఆ గది కోసం కొత్త అమ్మాయి వచ్చింది. చేతిలో ఇంకా ఎయిర్‌పోర్ట్ ట్యాగు తీయని సూట్‌కేసు.

"ఎంసెట్‌లో ఎంత ర్యాంకమ్మా?" అంటున్నారు అంకుల్.

ఆ పిల్ల తల దించుకుంది. "అంత మంచి ర్యాంకు కాదంకుల్."

"సరేలేమ్మా, చూసి చెప్తాం" అన్నారు. ఏడాది కింద నా వెనక నిలబడ్డ ఐదుగురికీ అదే మాట చెప్పారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు.

బుట్ట కింద పెట్టాను. "అంకుల్, నా ర్యాంకు లక్షా ఇరవై మూడు వేల నాలుగొందల పదహారు."

ఆయన వెనక్కి తిరిగారు. "ఏంటీ?"

"ఆరు వేలు అబద్ధం. గది కోసం చెప్పా. ఏడాదయింది నేను ఇక్కడ ఉండబట్టి. అద్దె ఒక్కసారన్నా లేటయిందా? చలికాలమంతా మీ డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోసింది ఎవరు? మీరు ఇండియా వెళ్తే మూడు వారాలు మొక్కలకి నీళ్ళు పోసింది ఎవరు? ఇందులో ఏది ఎంసెట్‌లో అడిగారంకుల్?"

ఆయన మొహం చిన్నబోయింది. "మా ఫ్రెండ్స్ అందరికీ చెప్పానమ్మా" అన్నారు, దాదాపు బతిమాలుతున్నట్టు.

"ఇప్పుడు అసలుది చెప్పండి. పొమ్మంటే పోతా. కానీ ఈ అమ్మాయిని గది చూడనివ్వండి."

మళ్ళీ ఎవరి హాల్లో కార్పెట్ వెతుక్కోవాలో లోపల లెక్కేసుకుంటున్నాను. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అప్పుడు వంటింట్లోంచి ఆంటీ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "నేను అసలు ఎంసెట్ రాయనేలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈయన ఇంట్లో ఉంటున్నా" అన్నారు, ఆ పిల్లతో.

అంకుల్ ఆ పిల్ల సూట్‌కేసు అందుకుని, "షూస్ అక్కడ విప్పమ్మా, గది కిందుంటుంది" అన్నారు.

నాతో మాత్రం రెండు వారాలు మాట్లాడలేదు. పొమ్మని కూడా అనలేదు. సెప్టెంబరులో ఒక శనివారం నేను బట్టలు వేస్తుంటే, టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నారు: "నీ వాడు ఇంకో జట్టులో చేరాడు. అదేదో చిన్న ఊరి లీగ్. పెద్ద జట్లతో సంబంధం లేదు. ఇంకా ఆడుతున్నాడు."

నేను వంటింట్లోకి మంచినీళ్ళ కోసం వెళ్ళాను. ఫ్రిజ్ మీద లిస్టు అలాగే ఉంది. ముప్పయ్యో పేరు కింద, ఖాళీ చోటులో, అంకుల్ తన పెన్నుతో ముప్పై ఒకటి అని వేసి, దాని పక్కన నా క్యాచర్ పేరు రాసి ఉంచారు.

ఆయనకి అంతకంటే పెద్ద మర్యాద చేతకాదని నాకు తెలుసు. కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. మాగ్నెట్‌కి కట్టి ఉన్న పెన్ను తీసుకున్నాను. పేరు ఉంచి, అంకె కొట్టేశాను.