ధర్సీవాలో సాక్ష్యం

మా చెల్లెలు సువార్త ఊరికే ట్రంకాల్ చేసే మనిషి కాదు. మా వీధి చివరి కిరాణా కొట్టుకు ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వొచ్చి ఆయనకి నచ్చజెప్పు. నాకు భయమేస్తంది" అని పెట్టేసింది. మర్నాడు తెల్లవారగానే విజయనగరంలో రాయపూర్ పాసింజరు ఎక్కాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళు తిండీ నీళ్ళూ ఇంటి నుంచే తెచ్చుకోవడం మంచిది. రాయగడలో టీ బాగుంటుంది. టిట్లాగఢ్‌లో పకోడీలు దొరికాయి. ఆ తర్వాత వడగాలి తప్ప ఏమీ లేదు.

ఎదుటి సీట్లో రాయపూర్‌లో స్థిరపడిన ఒక రైల్వే ఉద్యోగి భార్య కూర్చుంది. మా బావ యోహాను ధర్సీవా వైపు ఇనుము మిల్లులో ఫోర్‌మన్ అని చెప్పగానే ఆవిడ గొంతు తగ్గించింది.

"మొన్న అక్కడే భట్టీ దగ్గర మజ్దూర్ ఒకడు పోయాడంట భయ్యా. ఎందుకు పోయాడో అందరికీ మాలూమే. నోరిప్పితే ఛోడేస్తారా?"

ఆ తర్వాత నాకు పులిహోర సయించలేదు.

పొద్దు వాలే వేళకు రాయపూర్ చేరాం. స్టేషన్ బయట రిక్షా మాట్లాడుకుని దేవేంద్ర నగర్ వెళ్ళాను. ఇంకా వెలుతురుండగానే ఇల్లు గడియ వేసి ఉంది. సువార్త కిటికీలోంచి చూసి గానీ తలుపు తీయలేదు.

"వచ్చీసావా" అంటూ నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళ పాప ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. ఎదురుగా రోడ్డుకి అవతల మోటార్‌సైకిల్ మీద ఇద్దరు కూర్చుని ఇటే చూస్తున్నారు. "రోజూ ఇదే టైముకి వస్తారు. ఏమీ అనరు. చూస్తారంతే."

అన్నం తింటున్నప్పుడు యోహాను జరిగింది చెప్పాడు. కరిగిన ఇనుము మోసే బకెట్టు గొలుసు బీటలిచ్చిందని అతను యజమానికి ముందే చెప్పాడు. పని ఆపొద్దన్నారు. గొలుసు తెగింది. కింద ఘాసీరామ్ ఉన్నాడు. అతను తాగి వచ్చి కిందకి దూరాడని మిల్లు వాళ్ళు రాశారు. ఆ మాటే నిలిస్తే భార్యాపిల్లలకు పరిహారం రాదు. రేపే విచారణ.

"నిజం దేవుడికి తెలుసు కదండీ. మీరు చెప్పకపోతే ఆయనకి తెలీదా?" అంది సువార్త.

"తెలుసు. అందుకే నా భయం" అన్నాడు యోహాను. "వీళ్ళంటే కూడా భయమే బావా. అబద్ధమెందుకు, నిద్ర లేదు. కానీ వీళ్ళ భయం చచ్చేదాకే. ఆ తర్వాత దేవుడి ముందు నిలబడినప్పుడు ఘాసీరామ్ కూడా అక్కడుంటాడు. ఆ మొహంలోకి ఎలా చూడను?"

ఊరుకోమని చెప్పడానికి వచ్చినవాణ్ణి నేను. రేపు నేను కూడా వస్తానన్నాను.

పొద్దున అతని వేళ్ళు వణికి చొక్కా గుండీలు పడలేదు. నేనే పెట్టాను. ధర్సీవా బస్సులో వెనక సీటు దొరికింది. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటూనే చూశాను. మోటార్‌సైకిల్ వస్తూనే ఉంది. యోహాను పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడని తెలిసింది.

విచారణ జరిగే గది వరండాలో ఘాసీరామ్ భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. యోహాను ఆమెకు నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళాడు. ఘాసీరామ్ తాగి వచ్చాడా అని అధికారి అడిగాడు.

"పీకే నహీ ఆయా థా సాబ్. గొలుసు బీటలిచ్చిందని నేనే చెప్పాను. నడపమన్నారు" అని హిందీలో అంతా చెప్పాడు.

బయటికొస్తుంటే మిల్లు మనిషి ఒకడు యోహాను భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు. "బాల్‌బచ్చే వాలే హో, ఫోర్‌మన్ సాబ్" అన్నాడు, పెళ్ళాం పిల్లలున్నవాడివని గుర్తుచేస్తూ, నవ్వుతూనే. సువార్తనూ పాపనూ ఇక అక్కడ ఉంచకూడదని అప్పుడే అనుకున్నాను.

మర్నాడు సువార్తనూ పాపనూ తీసుకుని తిరుగు బండి ఎక్కాను. విచారణకి మళ్ళీ పిలుస్తారని యోహాను ఉండిపోయాడు. ప్లాట్‌ఫారం మీద పాపను ముద్దు పెట్టుకుని, "బడి మానిపించకండి" అని మాత్రం అన్నాడు.

ఘాసీరామ్ తాగి లేడని తర్వాత తేలింది. ఉద్యోగం పోయినా యోహాను ప్రాణాలతో విజయనగరం చేరాడు. ఆ రోజు బండిలో మాకు అవేమీ తెలియవు. పరలోకం గురించి చర్చిలో ఎన్నో పాటలు పాడినవాణ్ణి. దాన్ని నమ్మి ఒక మనిషి వణుకుతూనే బస్సెక్కడం మాత్రం రాయపూర్‌లోనే చూశాను.

మహాసముంద్ దాటాక సువార్త అడిగింది. "ఆయనకేం కాదు కదా అన్నయ్యా?"

"తెలీదమ్మా."

సువార్త క్యారేజీ మూత తీసింది. "నా మాట విని ఊరుకునుంటే ఇప్పుడు మన పక్కనే కూర్చునుండేవారు" అంది.

"ఉండేవాడు."

"మళ్ళీ ఎప్పుడూ నా వైపు తిన్నగా చూసుండేవారు కాదు" అని, పాపకు అన్నం కలపసాగింది.