ప్రతి మలుపులో పియతిలక బాబాయి

పియతిలక బాబాయికి ఈ లోకంలో చేతకాని పని ఒక్కటే. ఆగకుండా వెళ్ళడం.

కురునాగలలో ఆయనకు చిన్న కొబ్బరినూనె మిల్లుంది. పొద్దున అందులో కూర్చున్నాడంటే వీధిలో ఏనుగుల ఊరేగింపు వెళ్తున్నా గుమ్మం దాకా రాడు. అంత నిదానస్తుడు. అలాంటి మనిషి ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం పండగ అయ్యాక, నూనె డబ్బాలు దింపేసి, అదే వ్యానులో అందరినీ ఎక్కించుకుని నువర ఎలియ కొండకు బయల్దేరితే చాలు, వేరే మనిషైపోతాడు. గంపొల ఊరు దాకా బుద్ధిగానే నడుపుతాడు. ఘాటు రోడ్డు మొదలై ఒక మలుపు తిరిగిందో లేదో, "ఆగండాగండాగండి!" అని తనే అరిచి, తనే బ్రేకు వేస్తాడు.

"ఏమైంది బాబాయ్?" అని సెవ్వంది వెనకసీట్లోంచి అడుగుతుంది.

"టీ తాగుదాం."

"ఇప్పుడేగా తాగాం!"

"అది కింద టీ అమ్మా. ఇది పై టీ."

ఇంకో మలుపులో జలపాతం. "పోయినేడు చూసిందేగా ఇది?" అని ఎవరైనా అంటే, "పోయినేడు నీళ్ళు పోయినేడే పోయాయి. ఇవి వేరే నీళ్ళు," అని వాదిస్తాడు. ఆ తర్వాత ఉడికించిన మొక్కజొన్న. ఆ తర్వాత ఇంజనుకు దాహం. చెప్పుకోడానికి ఏమీ దొరకని చోట కూడా ఆపుతాడు. దిగి, గట్టు మీద గడ్డి మేస్తున్న ఆవు కేసి చాలాసేపు చూసి, "దీన్నెక్కడో చూశాను," అంటాడు.

పొద్దున్నే బయల్దేరిన ఊరివాళ్ళంతా మధ్యాహ్నం భోజనానికి కొండమీద ఉంటే, మనవాళ్ళు చీకటి పడ్డాక చేరతారు. పూల ప్రదర్శనకని వెళ్తే కుండీలు సర్దేస్తుండేవారు. గుర్రప్పందేలకని వెళ్తే గుర్రాలు గడ్డి తింటుండేవి. గుర్రాలు గడ్డి ఎంత బాగా తింటాయో సెవ్వందికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

సెవ్వంది నాన్నకు ఇది చూస్తే ఒళ్ళు మండిపోయేది. ప్రయాణమంటే ఆయనకు క్రమశిక్షణ. ఒకసారి ఆయన సొంత అన్నగారు రంబొడ మలుపుల్లో వాంతి చేసుకున్నాడు, అదీ పాలన్నం గిన్నె పక్కన. అప్పట్నుంచీ ఏటా ఆ పెదనాన్నకు ఒక రేడియో చేతికిచ్చి ఇంటికి కాపలా ఉంచి వస్తున్నారు. "ఒంటికి పడనివాళ్ళు ఇంటిపట్టున ఉంటే వాళ్ళకీ సుఖం, మనకీ సుఖం," అన్నది నాన్న తీర్పు. పియతిలకను కూడా వదల్లేదు. "వ్యాను నీది కాబట్టి బతికిపోయావు తమ్ముడూ. లేకపోతే నిన్నూ అన్నయ్య పక్కన కూర్చోబెట్టి వచ్చేవాణ్ణి!"

"అలాగే అన్నయ్యా," అని బాబాయి నవ్వేవాడు. ఆయనకు కోపం రావడం ఎవరూ చూడలేదు.

అందరికన్నా ఎక్కువ తిట్టేది మాత్రం ఆయన అత్తగారే. ఈ లీలావతి మెనికే, అంటే సెవ్వంది అమ్మమ్మ, ఆడపిల్లల బళ్ళో హెడ్మాస్టరుగా చేసింది. విహారయాత్రల్లో ఏ పిల్లయినా కడుపులో తిప్పుతోందంటే, "తిప్పేది కడుపు కాదు, మనసు. మనసు గట్టిగా ఉంచుకో!" అని గద్దించిన మనిషి. వ్యానులో రెండో వరస కిటికీ సీటు ఆవిడది. బాబాయి బ్రేకు వేయగానే, "మొదలెట్టాడమ్మా మహానుభావుడు!" అని అందరికంటే ముందు తనే తలుపు తీసుకుని దిగుతుంది. వ్యాను ముందుకి నడిచి, అల్లుణ్ణి ఒక రాయి దగ్గరికి తీసుకెళ్ళి వేలు చూపించి మరీ తిడుతుంది. పావుగంట సేపు తిట్లు. బాబాయి చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని, తలొంచుకుని నిలబడతాడు. "ఇంకా పెట్టండత్తయ్యా, బాగా గడ్డి పెట్టండి!" అని వ్యానులోంచి నాన్న ప్రోత్సహించేవాడు.

ఈ ఏడు మాత్రం సంగతి వేళాకోళం కాదు. సెవ్వంది పెళ్ళి సంగతి.

టీచర్ల ట్రైనింగు కాలేజీలో తనతోపాటు చదివిన హసంత అంటే ఆమెకు ప్రాణం. రెండిళ్ళవాళ్ళూ సరేనన్నారు, ఒక్క మనిషి తప్ప. పేరాదెనియలో ఉండే హసంత మేనత్త రత్నావళి. తల్లిలేని వాణ్ణి పెంచింది ఆవిడే. ఆవిడ మంచం మీంచి కుడి కాలు దించడానిక్కూడా ముహూర్తం చూస్తుందని చుట్టాల్లో చెప్పుకుంటారు. ఒక సంబంధం వాళ్ళు చెప్పిన వేళకంటే ముందొచ్చారని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేసిందట. జ్యోతిష్కుడు ఈ సంబంధానికి మంచిరోజు చెప్పి, పదకొండూ ఇరవై రెండు అని నిమిషంతో సహా రాసిచ్చాడు. ఏప్రిల్‌లో ఎలాగూ రెండు కుటుంబాలూ కొండెక్కుతాయి కాబట్టి, ఆ ఉదయం నువర ఎలియ చెరువు ఒడ్డున కలుసుకుని, సరిగ్గా ఆ వేళకు తూర్పుముఖంగా తమలపాకుల కట్ట ఇచ్చిపుచ్చుకోవాలి. వేళ దాటితే సంబంధం లేదు.

ముందురోజు సాయంత్రం సెవ్వంది మిల్లుకు వెళ్ళి బాబాయి ఎదుట నిలబడింది.

"బాబాయ్, ఒక్కసారి... ఈ ఒక్కసారి ఆగకుండా తీసుకెళ్ళవా?"

ఆయన నూనె డబ్బా మూత బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు. చివరికి, "నీ పెళ్ళికంటేనా తల్లీ. చక్రం ఊడినా ఆపను," అన్నాడు.

అలా బయల్దేరారు. కొత్త చీర నలగకుండా సెవ్వందిని ముందుసీట్లో కూర్చోబెట్టారు. వెనక సోమలతా పిన్ని అన్నం గిన్నె మూత మీద దరువేస్తోంది, అమ్మా పిల్లలూ పాటలు అందుకున్నారు. గంపొల దాటింది. మొదటి మలుపు వచ్చింది. అందరూ పాట ఆపి ఊపిరి బిగబట్టారు.

వ్యాను ఆగలేదు.

"భళా తమ్ముడూ!" అని నాన్న చప్పట్లు కొట్టాడు. టీ దుకాణం వాడు అలవాటుగా కప్పులు కడిగి పెట్టుకుని, వాటిని పట్టుకునే బయటికొచ్చి వ్యాను వెళ్ళిపోవడం చూస్తూ నిలబడిపోయాడు. మొక్కజొన్నలమ్మే ఆవిడ రెండు కండెలు పైకెత్తి ఊపింది. వెళ్ళిపోయారు. రంబొడలో పూలమ్మే మనిషి ఒకడున్నాడు. ఒక మలుపులో కొనకపోతే అడ్డదారిన తేయాకు తోటలోంచి ఎగబాకి, వ్యానుకంటే ముందే పై మలుపులో ప్రత్యక్షమవుతాడు. ఆ రోజు అతను మూడు మలుపుల్లో ప్రత్యక్షమై, మూడోసారి పూలు చూపించడం మాని, "సార్! బ్రేకులు పోయాయా సార్!" అని గాభరాగా అరిచాడు.

సెవ్వంది నవ్వుతూ తలెత్తేసరికి ఎదురుగా ఉన్న చిన్న అద్దం వంకరగా కనబడింది. వెనక రోడ్డు చూపించాల్సిన అద్దం రెండో వరస కిటికీ సీటును చూపిస్తోంది. పాపం బాబాయి చూసుకోలేదనుకుని చెయ్యెత్తి సరిచేసింది. బాబాయి వెంటనే మళ్ళీ వంకర చేశాడు.

అప్పుడు చూసింది. అద్దంలో అమ్మమ్మ.

ఆవిడ ముఖం సున్నం కొట్టినట్టుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, నలిగిన నిమ్మకాయ చెక్క ముక్కుకి అదుముకుని, ఇంకో చేత్తో సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. నుదుటి మీద చెమట. వెనక ఎవరికీ కనబడకుండా కిటికీ వైపు తిరిగింది. ఎవరో పాటలోకి పిలిస్తే, కళ్ళు తెరవకుండానే "ఊఁ ఊఁ, పాడండి," అంటోంది.

సెవ్వందికి ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. కింద టీ, పై టీ, వేరే నీళ్ళు, తెలిసిన ఆవు. రాయి దగ్గర పావుగంట తిట్లు. అవి ఉత్త తిట్లు కావు. ఆవిడ ఊపిరి తీసుకుంటుంటే ఈయన నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు, అంతే.

"బాబాయ్, ఎప్పట్నుంచి?" అంది గొంతు తగ్గించి.

"ఏది ఎప్పట్నుంచి? నువ్వు ముందుకి చూడమ్మా."

"నాకు చెప్పొచ్చుగా!"

ఆయన అద్దంలోకి చూశాడు, గడియారం చూశాడు, పెదవి కొరుక్కున్నాడు. "తెలిస్తే మీ నాన్న ఆవిడకీ రేడియో ఇచ్చేస్తాడే. ఏడాదంతా ఆ ఎండలో ఉడికిపోతూ ఈ నాలుగు రోజుల చలికోసం ఎదురు చూస్తుంది పిచ్చితల్లి. ఈ పూటకు ఓర్చుకుంటుందిలే. నిన్న రాత్రే నాకు ఫోను చేసి, 'రేపు నువ్వు గనక ఆపితే నీ ముఖం చూడను,' అంది. నేనెందుకు ఆపుతానో తెలిసినట్టే మాట్లాడింది. ఏమిటో!"

సెవ్వంది హసంతను తలుచుకుంది. గేటు దగ్గర్నుంచే తిప్పి పంపించే మేనత్తను తలుచుకుంది. మళ్ళీ అద్దంలోకి చూసింది. అమ్మమ్మ నిమ్మచెక్క జారి ఒళ్ళో పడింది, తీసుకునే ఓపిక కూడా లేదు. ఇంక ఆ పిల్ల మనసు ఒప్పుకోలేదు.

"ఆగండాగండాగండి!" అని గొంతు చించుకుని అరిచింది. "నాకు పూలు కావాలి!"

బాబాయి కాలు ఆ మాటకోసమే కాచుకున్నట్టుంది. వ్యాను కీచుమని ఆగింది.

వెనక గగ్గోలు లేచింది. "నీక్కూడా అంటుకుందటే!" అని అమ్మ. "పెళ్ళా, పూలా?" అని నాన్న. "వాళ్ళ బాబాయి పోలికే, నేనెప్పుడో అనుకున్నా," అని సోమలతా పిన్ని మొగుణ్ణి కూడా కలిపి తిట్టింది. అమ్మమ్మ మాత్రం తలుపు తీసుకుని తూలుతూ దిగి, మలుపులో ఉన్న కల్వర్టు గోడ దగ్గరికి నడిచింది.

ఆ గోడ మీద అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. భారీ మనిషి, పట్టుచీర, చేతినిండా గాజులు. కళ్ళు మూసుకుని నిమ్మకాయ వాసన చూస్తోంది. అమ్మమ్మ వెళ్ళి పక్కన కూలబడింది.

కాసేపటికి అమ్మమ్మ అడిగింది. "మీక్కూడానా?"

"నాకేం లేదండీ. మావాళ్ళు టైరు చూసుకోవాలంటే దిగాను."

"అంతేలెండి. నేనూ మా మనవరాలు పూలడిగిందని దిగాను."

ఇద్దరూ కొండలకేసి చూశారు. అమ్మమ్మ కొంగుముడి విప్పి ఎండు అల్లం ముక్క తీసి అందించింది. ఆవిడ కాదనకుండా తీసుకుని బుగ్గన పెట్టుకుంది.

ఇంతలో గట్టుకు అవతల ఆగి ఉన్న నీలంరంగు వ్యాను చాటునుంచి నీళ్ళ సీసాతో ఒకబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. పూలు పట్టుకుని నిలబడ్డ సెవ్వందిని చూసి అక్కడే కొయ్యబారిపోయాడు.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు హసంత.

"నువ్వేంటి? ఈపాటికి చెరువు దగ్గర ఉండాలిగా!"

"అత్తకు..." అని గోడకేసి చూసి, గొంతు మార్చి, "టైరు," అన్నాడు.

నాన్న వాచీ చూసుకుని కెవ్వున అరిచాడు. "ముహూర్తానికి నాలుగు నిమిషాలే ఉంది! అయిపోయింది! పైకి వెళ్ళలేం!"

గోడమీద ఆవిడ కళ్ళు తెరిచింది. "ఎందుకండీ ఆ అరుపులు? జ్యోతిష్కుడు వేళ రాశాడు గానీ చోటు రాయలేదు. ఆకులు తెండి ఇక్కడికి. నేను మాత్రం ఈ గోడ దిగను."

ఆవిడే రత్నావళి అని అప్పుడు అందరికీ అర్థమైంది. ఇంక చూడాలి హడావిడి! ఆకులకట్ట సీట్ల కింద ఎక్కడో ఇరుక్కుంది. తూర్పు ఎటో ఎవరికీ తెలీదు, మంచులో సూర్యుడే లేడు. పూలమనిషి చెయ్యి చాపి చూపిస్తే అందరూ లోయవైపు తిరిగారు. సరిగ్గా పదకొండూ ఇరవై రెండుకు, కిందనుంచి వచ్చిన బస్సు హారను కొడుతుండగా, సెవ్వంది వంగి రత్నావళి చేతిలో తమలపాకులు పెట్టింది. బస్సులోవాళ్ళు కూడా ఈలలు వేశారు.

"దివ్యంగా జరిగింది," అంది రత్నావళి. ఆ తర్వాత ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది. "కానీ మావాళ్ళకు నా సంగతి తెలిసిపోయింది. వచ్చే ఏడు ఇంట్లో ఉండమంటారు కాబోలు."

నాన్న అలవాటుకొద్దీ తీర్పు చెప్పడానికి నోరు తెరిచాడు. అమ్మమ్మ లేచి నిలబడింది. బడిలో నిలబడినట్టు నిలబడింది.

"ఉండమనరు. ఎవరంటారో నేనూ చూస్తాను. నాకూ ఈ మలుపులు పడవు. ఎప్పుడూ పడలేదు. ఆ సంగతి మా చిన్నల్లుడు కనిపెట్టాడు. కనిపెట్టాడని నేను కనిపెట్టాను. అది మాత్రం అతను కనిపెట్టలేదు, అంత తెలివిలేదు." అల్లుడికేసి తిరిగింది. "ఏటా ఇంతమంది నోళ్ళలో పడుతూ కూడా నా పేరు బయటికి రానివ్వలేదు. పైగా నేనూ తిట్టాను. ఇకమీదట నా పేరు చెప్పి ఆపు అల్లుడూ."

పియతిలక బాబాయి మెడ ఎర్రబడేదాకా గోక్కుని, "తిడితే ఏమైందిలే అత్తయ్యా. మీరు తిట్టాక నాకూ ఆకలి బాగా వేసేది," అన్నాడు. సోమలతా పిన్ని అన్నం గిన్నె మూత పట్టుకుని మొగుణ్ణే చూస్తూ ఉండిపోయింది.

నాన్న చేతి వాచీ అటూ ఇటూ తిప్పుకున్నాడు. "వచ్చే ఏడు అన్నయ్యను కూడా తీసుకొద్దాం," అని ఎవరితోనూ కాకుండా అన్నాడు. "పాపం, ఒక్కడే ఉంటాడు."

రత్నావళి, అమ్మమ్మ ఇద్దరూ మిల్లు వ్యానులోనే రెండో వరసలో ఎక్కారు. నూనె వాసన కాస్త ఎక్కువే గానీ, డ్రైవరు మంచివాడని అమ్మమ్మ ఆవిడకు భరోసా ఇచ్చింది. వ్యాను కదిలింది. రెండు మలుపులు తిరిగి, మూడో మలుపులో ఠక్కున ఆగింది.

అందరూ పెద్దవాళ్ళిద్దరికేసి తిరిగారు.

"నన్నెందుకు చూస్తారు? నేను బాగానే ఉన్నాను!" అంది అమ్మమ్మ.

"నేనూ బాగానే ఉన్నాను," అంది రత్నావళి.

పియతిలక బాబాయి అప్పటికే దిగి, గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. "మీ కోసం కాదత్తయ్యా. ఇక్కడ మంచు విడుతుంది, కింద లోయ కనబడుతుంది. నిజంగానే బాగుంటుంది."

ఎవరూ తిట్టలేదు. ముందుగా నాన్నే దిగి, వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాడు.