నాయన తుపాకికి కొత్త చెక్క

అడవిపందుల నుంచి చెరకు కాపాడుకోవడానికి మా నాయనకు లైసెన్సు తుపాకి ఉంది. భుజానికి ఆనించే చెక్క పగలడంతో అది మూలన పడింది. కుడికన్ను చూపు పోయాక నాయన తోట వైపే వెళ్లడం మానేశాడు.

చిత్తూరు వడ్రంగి దగ్గర చేయించిన కొత్త చెక్కను ఈ రోజు ఇంట్లోనే బిగించాను. ఇనుము సరిగ్గా కూర్చునేదాకా చెక్కను ఆకురాయితో గీకి, మరలు బిగించి చూస్తే చెక్క ఒక పక్కకు వంగి ఉంది. వడ్రంగిని తిట్టబోయాను.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఆ తుపాకిని చూస్తేనే విసుక్కునే మనిషి!

"ఆయప్పను అనొద్దు. ఎడమ భుజానికి చెక్కమని నేనే ఫోన్ చేసి చెప్పినాను. మీ నాయన గమ్మున కూర్చోనుంటే సూడలేక పోతా ఉండా."

నాయన ఖాళీ తుపాకిని ఎడమ భుజానికి ఎత్తి, ఎడమకంటితో గురి చూశాడు. చాలాసేపు దించలేదు.

"కుదిరిందే!" అన్నాడు అమ్మతో.

సాయంత్రం ఆయనే తుపాకి, టార్చిలైటు తీసుకుని చెరకు తోటకు బయలుదేరాడు. నాకు కళ్లు చెమర్చాయి. అమ్మకు థ్యాంక్స్ చెబితే, "పోయి ఆ చెక్కపొట్టు ఊడ్చు" అంది. మీ అమ్మలూ ఇంతేనా?