బొగ్గు కడిగినా పోని మచ్చ

డ్యూటీ దిగాక గని దగ్గర స్నానాల గదిలో మేం ఒకరి వీపు ఒకరం రుద్దుకుంటాం. ఆ రోజు నా వీపు రుద్దుతున్న కొమురయ్య ఆగిపోయాడు. మాది ఒకే షిఫ్టు, వరస కలుపుకొని బావా అని పిలుచుకుంటాం.

"బొగ్గు పోయినా గీ మచ్చ పోతలేదేంది బావ? గోరుతోని గీరినా తెలుస్తలేదా?"

తెలియలేదు. మా గోదావరిఖనిలో అయితే తెలిసినవాళ్ల కంట పడతానని పెద్దపల్లి వెళ్లాను. స్కిన్ డాక్టర్ మచ్చను దూదితో తాకి చూసి, బయాప్సీ చేయించి, "లెప్రసీ. ఎండీటీ మాత్రలు వాడితే నయమవుతుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు" అన్నారు. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. చన్నీళ్లు పడడం లేదని కొమురయ్యకు చెప్పి, రోజూ మసి ఒంటితోనే ఇంటికి పోయేవాణ్ని.

మాత్రలు వాడుతుండగానే, కొన్ని నెలలకు మచ్చ ఎర్రగా ఉబ్బింది. మోచేతి దగ్గర నరం లాగసాగింది. మందు పనిచేయడం లేదనుకొని, ఇంకే మాట వినాల్సి వస్తుందోనని డాక్టరు దగ్గరికి పోలేదు.

అవి తెలంగాణ కోసం సమ్మె చేస్తున్న రోజులు. రోడ్డు మీద వంటావార్పులో వడ్డిస్తుంటే వేళ్లు పట్టు తప్పి, గరిటెడు పప్పు ఒకాయన ఒళ్లో పడింది.

"పొద్దుగాలనే తాగినవా ఏందే?" అని అందరూ నవ్వారు.

నేను కల్లు కూడా ముట్టను. అయినా తలూపాను. రోగం బయటపడే కన్నా తాగుబోతు అనిపించుకోవడమే నయమనిపించింది.

కొమురయ్య నవ్వలేదు. పక్కకు తీసుకుపోయి, "నువ్వు తాగవని నాకెరుకే. చెయ్యి చూపెట్టు" అన్నాడు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. అటునుంచి అటే పెద్దపల్లి బస్సెక్కించి, తనూ వెంట వచ్చాడు.

"ఇది లెప్రసీ రియాక్షన్, అంటే క్రిముల మీద ఒంటి రక్షణ శక్తి అతిగా ఎగబడడం. మందు పనిచేయక వచ్చింది కాదు" అన్నారు డాక్టర్. "టీ సెల్స్ అనే రక్షణ కణాలు పురమాయిస్తే మాక్రోఫేజ్ అనే కణాలు నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ తయారుచేస్తాయి. క్రిములను చంపడానికి అది కావాలి. ఇక చాలని ఆపే కణాలూ ఉంటాయి. నీ ఒంట్లో వాటి మాట సాగడం లేదు. నరం దెబ్బతినడానికి ఆ గ్యాస్ కూడా ఒక కారణం."

"మా బ్లాస్టింగు పొగ లెక్కనా సార్?" అన్నాడు కొమురయ్య.

"ఆ పొగలోనూ ఉంటుంది. మీరు పొగ పోయేదాకా ఆగుతారు కదా! ఇక్కడ దాన్ని తగ్గించడానికి స్టెరాయిడ్ ఇస్తున్నా."

నెలల తరబడి మాత్రలు, వేళ్ల ఎక్సర్‌సైజులు. పట్టు తిరిగి వచ్చింది కానీ చిటికెన వేలు వంకరగానే మిగిలింది. ముందే వస్తే అదీ దక్కేదన్నారు.

ఈ మాత్రలు వాడేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మచ్చ ఉబ్బినా, నరం లాగినా మందు ఆపకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

తెలంగాణ వచ్చింది, నా రోగం పోయింది. సిగ్గు ఇంకా పోలేదు. స్నానాల గదిలో ఇప్పటికీ గోడకు వీపు పెట్టే నిలబడతాను. కొమురయ్య సబ్బు పట్టుకొని వస్తాడు.

"తిరుగు బావ" అంటాడు.

తిరుగుతాను.