తాళం వద్దనుకున్న ఇల్లు

మేం కట్టుకున్న ఇంటికి పటేలు తాళం వేసి తన సొంతం చేసుకున్నడు. పట్టపగలు, మేమందరం చూస్తుండంగనే. అప్పట్ల మెదక్‌ల ఈ సంగతి తెల్వనోళ్ళు లేరు. ఇప్పుడడిగితే తెలిసినోళ్ళే లేరు. అందుకే రాస్తున్న.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తల, మా వాడ చివర పంచాయతోళ్ళు నోటిమాటగ చూపించిన తుమ్మల జాగ అది. తుమ్మలు మేమే కొట్టినం. ఖిల్లా గుట్ట దిక్కు నుంచి రాయి మేమే మోసినం. పెద్ద చర్చి కట్టిన మేస్త్రీల కొడుకులు ఇద్దరు మా వాడల ఉండిరి, గోడలు వాళ్ళు లేపిండ్రు. ఆడోళ్ళు మట్టి తొక్కిండ్రు, నీళ్ళు మోసిండ్రు. సంఘం ఇల్లు అని పేరు పెట్టుకున్నం. ఒక్క గది ఇండ్లల్ల ఉండేటోళ్ళం. పెండ్లయినా, దినాలైనా మాకు అదే జాగ. పొద్దుగూకినంక మీసాలొచ్చిన మొగోళ్ళం పలకలు పట్టుకొని అక్కడ కూసునేటోళ్ళం. పంతులు లేడు. దుకాణం బోర్డు చూసి ఒకడు అక్షరం నేర్చుకొస్తే అందరం పంచుకున్నం. నేను బడి మొఖం చూడలే. నా చదువంతా ఆ ఇంటిదే.

తలుపు పెట్టిన రోజు తాళం కొందామని గోడలు లేపిన ఇద్దరిల పెద్ద మేస్త్రీ అన్నడు. బీడీలు చుట్టే ఒక అవ్వ ఉండె మా వాడల, నోరు పెద్దది.

"తాళం కొంటే చెవి నీ మొలతాడుకే కట్టుకుంటవ్ బిడ్డా. రేపు నీ పెండ్లాంకు కోపమొస్తే మేం చెట్టు కింద పెండ్లిళ్ళు చేసుకోవాల్నా?"

అందరం నవ్వినం, మేస్త్రీ కూడ. ఇల్లు అందరిది, తాళం వద్దని తీర్మానించుకున్నం. ఏండ్ల కొద్ది ఆ తలుపు ఊరికె దగ్గరికేసి ఉండె. ఒక్క చెంబు పోలె.

ఒక ఏడాది కోతల మీద వాన పట్టింది. కౌడిపల్లి దిక్కు పొలం నుంచి వస్తున్న పటేలు వడ్ల బండ్లు మా వాడ ముందట ఆగినయి. ఆయనే దిగి వచ్చిండు.

"జర నాలుగొద్దులు బస్తాలు పెట్టుకోనియ్యుండ్రి. మొలకలొస్తె అన్నం మట్టిపాలైతది."

పుట్టి బుద్ధెరిగినప్పటి సంది మమ్ముల 'అరే' అన్న నోరు అది. అంత మర్యాదగ అడిగేసరికి కరిగిపోయినం. వడ్లు ఎవ్వరివైతేంది, తడుస్తుంటె చూస్త నిలబడే మనుషులం కాము. బస్తాలు మేమే దించినం, మేమే లోపల పేర్చినం. కూలి అడగలే.

ఆఖరి బస్తా పడ్డంక ఆయన జేబుల నుంచి కొత్త తాళం తీసిండు.

"ఎలుకలకు తాళమా పటేలా?" అన్నది అవ్వ.

"దొంగలకే అవ్వా."

"వాడల ఉన్నది మేమే గద. దొంగలెవరు?"

ఆయన నవ్విండు. తాళం పడ్డది.

వాన వెలిసింది, బస్తాలు కదలలే. అడిగితే "ధర రానియ్యుర్రా" అన్నడు. మా పలకలు, జంపఖానాలు లోపల్నే ఉండిపోయినయి. మేస్త్రీ సమ్మెట పట్టుకొని పోతే మేమే ఆపినం. లోపల ఆయన వడ్లున్నయి. తాళం పగిలిననాడు మేం నిజంగనే దొంగలమైతం. వడ్లు పోయి ఎరువు బస్తాలొచ్చినయి. తర్వాత గోడలకు రంగొచ్చింది. అవ్వ మనుమరాలి పెండ్లి చెట్టు కిందనే అయ్యింది.

నేను అర్జీలు రాసుడు షురు చేసిన. ఎక్కని దఫ్తరు లేదు. ఒక గుమాస్తా అడిగిండు: "కాగితం ఏమన్న ఉన్నదా పెద్దమనిషీ?"

"గోడలున్నయి సార్," అన్న. పక్క బల్ల ఆయనకు చెప్పి మరీ నవ్విండు.

ఏండ్లు గడిచినంక టపాల జవాబొచ్చింది. అప్పటికి సర్కారు కాగితాలు తెలుగులకు మారుతున్నయి. ఎవ్వరితోని చదివించుకోలే. ఆ ఇంట్ల నేర్చిన అక్షరాలతోనే, కూడబలుక్కుంట చదువుకున్న:

"విచారణ జరుపగా, సదరు కట్టడమునకు తాళము గలదనియు, దాని చెవి సదరు ఆసామి వద్ద గలదనియు, మీ సంఘమువారు మునుపెన్నడును తాళము వేసియుండలేదనియు తేలినది. కావున స్వాధీనము వారిదే. ఇకమీదట సభలకు, శుభకార్యములకు వారి అనుమతి పొందవలసినది."