తాడు మామ బదులు పని

తాడు మామకు ఆ పేరు పెట్టింది తామేనని ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు గానీ, అలా పిలవనివాళ్లు మాత్రం లేరు. అరెకరం మొక్కజొన్న విత్తడానికి ఆయన ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు లాగిస్తాడు. తాడుకు జానెడుకొక ముడి, ముడికొక గింజ. పొరుగువాళ్లు ఒక్క రోజులో ముగించే పని ఆయనకు నాలుగు రోజులు పడుతుంది. తాడు సాగిందేమోనని మధ్యలో కొలిచి చూసుకునే సమయం ఇందులో చేరలేదు.

ఇంత కచ్చితమైన మనిషీ ఒక్క విషయంలో లెక్క తప్పేవాడు. ఇంట్లో సేద్యం చేసేది ఎంతమందని ఎవరడిగినా, "నేనొక్కణ్నే. మా ఆవిడ ఊరికే తోడొస్తుంది" అనేవాడు. ఆ ఊరికే తోడు రావడంలో ఎరువు మోయడం, కలుపు తీయడం, కంకులు విరిచి ఇల్లు చేర్చడం ఉండేవి. అన్నిటికన్నా ముఖ్యంగా బదులు పని ఉండేది. ఆ వీధిలో అయిదు ఇళ్లవాళ్లు కలుపు రోజుల్లో ఒకరి చేలో ఒకరు వంతులవారీగా పనిచేస్తారు. మనిషి ఎవరి చేలో ఎన్నాళ్లు వంగితే, వాళ్లు తిరిగొచ్చి అన్నాళ్లు వంగాలి. ఇరవై ఏళ్లుగా ఈ ఇంటి వంతు మామ భార్య నడుమే తీర్చింది.

ఈ ఏడు కలుపు మొదలయ్యే ముందురోజు ఆవిడ నీళ్ల బిందెతో మెట్టు దిగుతూ మడమ బెణికించుకుంది. పదిహేను రోజులు కాలు కింద పెట్టకూడదన్నారు. పైరు మోకాలెత్తు రాకముందే కలుపు తీయకపోతే కంకి చూపుడువేలంత అవుతుంది. నిరుడు అలా ఆలస్యమై సగం పంట పోయింది. ఈసారీ పోతే విత్తనానికి దాచుకునే గింజలు కూడా మిగలవు.

"వెళ్లండి మరి. ఊరికే తోడెళ్తే చాలు" అంది ఆవిడ, దిండు మీద కాలు సర్దుకుంటూ.

వెళ్లాడు. మొదటి వంతు ఆయన వదినది. బదులు పనికి పెద్ద దిక్కు కూడా ఆవిడే. మామ ప్రతి మొక్క దగ్గరా ఆగి, చుట్టూ గుండ్రంగా గీకి, పీకిన గడ్డిని వేళ్లన్నీ ఒకే వైపుండేలా పేర్చాడు. మధ్యాహ్నానికి వదిన ఎనిమిది సాళ్లు ముగించి వెనక్కి తిరిగితే, మరిది రెండో సాలు నడుమ కనిపించాడు.

"మరిదీ, కలుపు తీస్తున్నావా, పెళ్లికూతురికి తల దువ్వుతున్నావా?"

సాళ్లు వంకరగా ఉంటే తన తప్పు కాదని మామ గొణిగాడు. నాలుగు రోజులు, నాలుగు ఇళ్ల చేలు, అదే దువ్వుడు. చివరి సాయంత్రం వదిన తీర్పు చెప్పింది: ఆయన చేసింది సగం పనే కాబట్టి, తామూ ఇంటికొకరు చొప్పున నలుగురు వస్తారు గానీ, ఎండ నడినెత్తికి రాగానే లేచిపోతారు.

మామ వేళ్లు మడిచి చూసుకున్నాడు. ఆ పూటకు మనిషికి ఎనిమిది సాళ్ల చొప్పున ముప్పై రెండు. చేలో ఉన్నవి అరవై. ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు భార్య ఎగతాళి చేయలేదు. "సగం చేను గడ్డికి వదిలేస్తామా?" అని మాత్రం అడిగింది. అది ఆయనకు మరింత కష్టంగా తోచింది.

మర్నాడు నలుగురూ వచ్చారు. పార వేశాక గానీ అసలు సంగతి తెలియలేదు. వాళ్ల చేలలో ఏది పైరో ఏది గడ్డో వెతుక్కుంటూ ఆగాలి. ఇక్కడ సాలు గీత గీసినట్టుంది. పార ఎత్తకుండా గట్టు నుంచి గట్టుకు లాక్కుపోవచ్చు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నలుగురివీ కలిపి యాభై ఆరు సాళ్లు. మామవి నాలుగు.

చెమట తుడుచుకుంటూ వదిన చేను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"వచ్చే ఏడు విత్తేటప్పుడు తాడు తీసుకుని మా చేలోకి రా మరిదీ. నీ వంతు బదులు పని అక్కడ తీర్చుకుందాం. కలుపుకు మాత్రం మా చెల్లినే పంపు. నీ దువ్వెన మాకొద్దు."

మామ ఇంటికి వచ్చి ఈ గెలుపును వివరంగా, రెండుసార్లు చెప్పాడు. మిగతా మూడిళ్లవాళ్లూ తాడు అడుగుతారేమోనని కూడా అన్నాడు. భార్య అంతా విని, అరవై సాళ్లూ అయ్యాయా అని మళ్లీ అడిగి, నిశ్చింతగా వెనక్కి వాలింది.

"బాగానే ఉంది గానీ, తాడుకు రెండు కొసలుంటాయి. అవతలి గట్టు మీద పట్టుకు నిలబడేదెవరు?"

మామ మేకుకు తగిలించిన తాడు చుట్ట దింపి రెండో కొస చూశాడు. చేయి ఒరుసుకోకుండా దానికి చుట్టిన గుడ్డ ఆవిడ పాత చీర ముక్క. అరిగి అరిగి దారాలు తేలింది.

"ముందు కాలు తగ్గనీ" అన్నాడు. తర్వాత, వదినకు ఇవ్వాల్సిన రోజుల లెక్క సరిదిద్దుతున్నట్టు, "ఆ బదులు ఒకరిది కాదు, ఇద్దరిదని రేపు చెప్పొస్తా" అన్నాడు.